కానుగ చుట్టూ కట్టించిన అరుగు

ఎండకు నీడను, వేరుకు తడిని, మట్టికి ఊపిరిని ఏర్పరచిన దేవా, నీకు స్తోత్రం. గుప్పెట్లో పట్టే గింజలో ఇంత మానును దాచిన నీ జ్ఞానానికి స్తోత్రం. నాటినవాడు మరిచినా, నీళ్ళు పోసినవాడు మరిచినా, ఆకు ఆకునూ చూసుకునే నీ ఓపికకు స్తోత్రం. నా చేతులకు ముప్ఫై ఏళ్ళు పని ఇచ్చావు. అవి చేసిన మేలుకు మహిమ నీది. చేసిన కీడు నాది. అది చెప్పుకోవడానికే ఇప్పుడు కూర్చున్నాను.

మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్ళు జబ్బు తగ్గిందనో, తాగుడు మానామనో, పిల్లాడికి ఉద్యోగం వచ్చిందనో చెబుతారు. చివర అందరం చప్పట్లు కొడతాం. నా దానికి చప్పట్లు కొట్టే చివర లేదు. అందుకే ఇన్నేళ్ళూ ఆదివారం లేచి నిలబడి చెప్పలేకపోయాను.

నేను ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలో తోటమాలిని. గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం మొదలయ్యే దగ్గర ఉంది మా ఊరు. ఎటు చూసినా పత్తి, మిరప. కల్లాల మీద మిరపకాయ ఎండే రోజుల్లో గాలి ఇటు తిరిగితే వార్డులో రోగులతో పాటు డాక్టర్లు కూడా తుమ్ముతారు. నా పని గేటు దగ్గర మొదలై శవాల గది వెనక గోడతో అయిపోయేది. కంచె కత్తిరించడం, వయ్యారిభామ కలుపు పీకడం, బోరు నీళ్ళు మళ్ళించడం, కరెంటు తీగల్లోకి పోయిన కొమ్మలు కోయడం, కోసిన చోట మైలుతుత్తం, సున్నం కలిపి పూయడం. పూలకుండీలు పెద్ద అధికారులు వచ్చే రోజుకి. చెట్లు రోజూ వచ్చే జనానికి.

ఆ చెట్లలో పెద్దది కానుగ. డాక్టర్లు చీటీ రాసే గదులకీ ఆడవాళ్ళ వార్డుకీ మధ్య ఉండేది. ఎవరు నాటారో ఎవరికీ తెలియదు. ఈస్టరుకి ముందు మేం ఉపవాసాలుండే నలభై శ్రమదినాలు మొదలయ్యేసరికి ఆకంతా రాల్చేసి బోడిగా నిలబడేది. ఈస్టరు నాటికి, ఎండలు ముదిరి మిగతా చెట్లు వాడే వేళకి, ఇది లేత ఆకుతో మెరిసిపోతూ గొడుగు విప్పేది. రోగి లోపల ఉంటే రోగి తాలూకు వాళ్ళంతా దాని కిందే. అన్నం క్యారేజీలు, చంటిపిల్లలు, ఎక్స్‌రే కవర్లు, ఏడుపులు, సంబంధాలు మాట్లాడుకోవడాలు, అన్నీ అక్కడే.

తొలకరికి ముందు ఏటా దానికి పాదు తీసేవాణ్ణి. మాను చుట్టూ పైమట్టిని గుల్ల చేసి, కొమ్మల చివర్ల నీడ ఎక్కడ దాకా పడుతుందో అక్కడ దాకా గట్టు కట్టి, లోపల ఎండాకులు, పేడ వేసి నీళ్ళు పెట్టేవాణ్ణి. నాకు పని నేర్పిన ముసలి మాలీ చెప్పిన మాట ఒకటుంది. “చెట్టుకి మెడ ఉంటదిరా. మాను వెడల్పయ్యి వేళ్ళుగా చీలే చోటే మెడ. అది ఎప్పుడూ కనపడాలి. మెడ దాకా మట్టి కప్పితే మనిషే బతకడు, అదేం బతికిద్ది?” ఇది నాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

నా భార్య మధ్యాహ్నం అన్నం తెచ్చేది. తెచ్చి వెళ్ళిపోయేది కాదు. చెట్టు కింద ఎవరో ఒకరి పక్కన చేరేది. ముందు మంచినీళ్ళు ఇచ్చేది, తర్వాత ఏ ఊరని అడిగేది, ఆ తర్వాత వాళ్ళు ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళైనా సరే చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసేది. పచ్చపురుగు పత్తి చేలని తినేసిన ఏడాది పురుగుమందు తాగినవాళ్ళని ట్రాక్టర్ల మీద తెచ్చేవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు ఆ చెట్టు కింద నేల మీద కూలబడేవాళ్ళు. నా పాదు తడికి వాళ్ళ చీరలు బురదయ్యేవి.

“ఇదిగో అయ్యా, చెట్టుకి పాదు చేస్తావు. మనుషులు కూర్చోను మాత్రం చోటు చెయ్యవు,” అంది ఒకరోజు నా కంచంలో పప్పు వేస్తూ.

“ఏం చెయ్యమంటావే?”

“చుట్టూ అరుగు కట్టించరాదూ?”

“అరుగు కడితే చెట్టు చచ్చిద్ది.”

“అయితే బల్లలేయించు.”

“నేనేమన్నా సూపరింటెండెంటునా?”

“ఇంట్లో మాత్రం నీ అంత సూపరింటెండెంటు లేడు,” అంది. పక్కన కూర్చున్న ముసలమ్మ నవ్వింది. కొడుకుని లోపల పెట్టుకుని ఉన్న మనిషి. ఆ నవ్వు చూసి నా భార్య మొహం వెలిగింది. అన్నం తెచ్చినందుకు ఆమెకు రోజూ దొరికే కూలి అదే.

తర్వాతి సంవత్సరం ఆమె కడుపులో గడ్డ బయటపడింది. గుంటూరు తీసుకెళ్ళాం. సంఘమంతా ఉపవాసం ఉంది. నేను మోకాళ్ళ మీద ఉండగానే ఆమె వెళ్ళిపోయింది. దేవుడు ఇచ్చాడు, దేవుడు తీసుకున్నాడు అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. నోరు అన్నది. లోపల ఎవరో గునపంతో తవ్వుతున్నట్టే ఉండేది.

మా గుళ్ళో ఒక అలవాటు ఉంది. చనిపోయినవాళ్ళ జ్ఞాపకార్థం ఇంటివాళ్ళు ఏదో ఒకటి ఇస్తారు. బల్లల వీపుల మీద, గోడ గడియారం మీద, చివరికి ఫ్యాను రెక్కల మీద కూడా పేర్లు ఉంటాయి. ఫ్యాను తిరుగుతుంటే ఆ పేరు ఎవరిదో చదవడం కుదరదు, ఆపితేనే కనపడుతుంది. నా భార్య పేరున ఏం ఇస్తావని మా పాస్టరు అయ్యగారు అడిగారు. నేను ఆలోచించకుండానే, ఆసుపత్రిలో కానుగ చెట్టు చుట్టూ అరుగు అన్నాను. అందరికీ నచ్చింది. ఆమెను ఎరిగిన ఎవరికైనా నచ్చుతుంది. సంఘంలో తలా ఒక చెయ్యి వేశారు. సూపరింటెండెంటు గారు మంచి పనేగా, కట్టుకోండి అన్నారు.

చెట్టు చస్తుందని ఆమెతో అన్న మాట నాకు గుర్తు లేదా అంటే, ఉంది. కానుగ గట్టి చెట్టులే, దీనికేం కాదులే అనుకున్నాను. మనసుకి కావలసిన అబద్ధం మనసు తనే తయారు చేసుకుంటుంది. బయటి నుంచి సాతాను వచ్చి చెప్పక్కర్లేదు.

మా సంఘంలోని మేస్త్రీయే పని ఒప్పుకున్నాడు. చెరువు నల్లమట్టి ట్రాక్టరుతో తెప్పించి మాను చుట్టూ మోకాలి ఎత్తు పోసి దిమ్మిసతో కొట్టించాం. పైన కంకర, సిమెంటు. దాని మీద పరచడానికి దాచేపల్లి వైపు నుంచి నాపరాళ్ళు వచ్చాయి. రాళ్ళు పరిచే రోజు మేస్త్రీ తాపీ పక్కన పెట్టి నా వైపు చూశాడు.

“అన్నా, మాను చుట్టూ జానెడు ఖాళీ వదిలిపెడతా. మొన్న బళ్ళో కట్టినప్పుడు ఇంజనీరు అట్టా వదలమన్నాడు.”

“వద్దు. మానుకి ఆనించి పూడ్చెయ్యి.”

“ఎందుకని?”

“ఆ సందులో వక్కపొడి ఉమ్ములు ఊస్తారు. సిరంజీలు పడేస్తారు. వానకి నీళ్ళు దిగితే అరుగు కుంగిద్ది.”

“కుంగితే కుంగిద్ది, మళ్ళీ మట్టి పోద్దాం. చెట్టు సంగతి చూడు.”

“చెట్టు సంగతి నాకు చెబుతున్నావా?”

“నాకేం తెలుసులే. మాలీవి నువ్వు,” అన్నాడు మేస్త్రీ. తాపీ తీసుకుని మాను బెరడు దాకా సిమెంటు లాగాడు.

ఆమె పేరున్న రాయిని తూర్పు వైపు పెట్టాం. అయ్యగారు ప్రార్థన చేసి ప్రతిష్ఠించారు. ఆ రోజే జనం ఎక్కి కూర్చున్నారు. అరుగు చల్లగా, శుభ్రంగా, వెడల్పుగా కుదిరింది. చంటిపిల్లల్ని పడుకోబెట్టుకునేవాళ్ళు. క్యారేజీలు విప్పుకునేవాళ్ళు. నేను పొద్దున్నే వచ్చి ముందు అరుగు కడిగి, ఆ రాయిని తడిగుడ్డతో తుడిచి, తర్వాతే కత్తెర పట్టేవాణ్ణి.

ఆడవాళ్ళ వార్డు ఆయా ఆ పని రోజూ చూసేది. “ఏం అన్నయ్యా, వదిన ఉన్నప్పుడు ఇల్లు ఎన్నడన్నా తుడిచావా?” అంది.

“లేదమ్మా.”

“మరి ఇప్పుడు తుడిస్తే ఎవరు చూస్తారు?” అని తనే బాధపడి, గుడ్డ తీసుకుని మిగతా సగం తను తుడిచింది.

రెండేళ్ళు అలా గడిచాయి. అవి నా దుఃఖంలో కాస్త ఊపిరి తీసుకున్న రోజులు. మూడో ఈస్టరుకి కానుగ ఆకు చిన్నగా వచ్చింది. పడమటి వైపు కొమ్మలకి నెల ఆలస్యంగా వచ్చింది. ఎండ ఎక్కువగా ఉంది అనుకున్నాను. బోరు నీళ్ళు ఉప్పగా మారాయి అనుకున్నాను. ఆ మరుసటి ఏడు చిటారు కొమ్మల చివర్లు ఎండాయి. నిచ్చెన వేసి ఎండినవన్నీ కోసి మందు పూశాను. అరుగు అవతల గుంటలు తీసి ఎరువు వేశాను. చెయ్యాల్సిన పని తప్ప అన్నీ చేశాను. ఇంటికి వెళ్ళి ప్రార్థన కూడా చేశాను. చెట్టును స్వస్థపరచమని కన్నీళ్ళతో అడిగాను. గునపం నా తలుపు వెనకే ఆనించి ఉంది.

అదే రోజుల్లో ఒక ఆదివారం అయ్యగారు కాయని చెట్టు గురించి వాక్యం చెప్పారు. నరికెయ్యమన్న యజమానితో తోటమాలి ఇంకొక్క ఏడాది గడువు అడిగి, చుట్టూ తవ్వుతానని మాట ఇవ్వడం గురించి. చిన్నప్పుడు ఆదివారపు బడిలో ఆ తోటమాలి వేషం నేనే వేశాను. అప్పుడు భుజాన కర్ర పార పెట్టుకుని నిలబడితే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఆదివారం మాత్రం తల ఎత్తలేకపోయాను. ఆ తోటమాలి తవ్వాడు. నేను పూడ్చాను.

వానలకు ముందు మొక్కలు నాటే కార్యక్రమం ఒకటి పెడితే ఉద్యానశాఖ అధికారి వచ్చారు. మొక్కలు నాటి, ఫొటోలు అయ్యాక, అందరూ టీ తాగుతుంటే ఆయన కానుగ దగ్గరికి వెళ్ళి అరుగెక్కి, మాను రాతిలోకి దిగే చోట చెయ్యి పెట్టి చూశారు.

“ఏమయ్యా, చెట్టు కరెంటు స్తంభంలా దిగిందేమిటి? మొదలు దగ్గర వెడల్పు ఉండాలిగా?”

“లోపల ఉందండి.”

“ఎంత లోపల?”

“మోకాలి లోతండి.”

“ఎవడు కట్టాడు దీన్ని?”

“నేనేనండి.”

“నువ్వు మాలీవేనా?”

“అవునండి.”

ఆయన కోపంగా ఏదో అనబోయి, తూర్పు వైపు రాయి చదివారు. “మా ఆవిడ పేరండి,” అన్నాను. నా మొహం చూశారు. అరుగు దిగి, గొంతు తగ్గించి చెప్పారు. “చూడు. ఈ వానలకి ముందే పగలగొట్టు. మట్టంతా తోడేసి మెడ బయటపెట్టు. సగం చెట్టన్నా బతుకుతుంది. వచ్చే ఏడాది నన్ను పిలిచినా నేను చెయ్యగలిగింది ఉండదు. ఆ రాయిని గోడకి పెట్టుకోవచ్చు. చెట్టుని మళ్ళీ పెట్టలేవు.”

సరేనన్నాను. నిజంగానే సరే అనుకున్నాను.

మొదటిసారి గునపం తీసుకుని వెళ్ళినప్పుడు అరుగు మీద ఒకామె పడుకుని ఉంది. కాన్పు కష్టమైన కూతురి తల్లి. రెండు రోజులుగా కన్ను మూయలేదట, అప్పుడే నిద్ర పట్టిందని పక్కవాళ్ళు చెప్పారు. లేపలేక తిరిగి వచ్చాను. రెండోసారి వాన పడుతోంది, ఎవరూ లేరు. రాళ్ళ అతుకులో గునపం మొన పెట్టాను. పక్కనే ఆమె పేరు, వాన తడికి నల్లగా మెరుస్తోంది. ఆ రాయి తీస్తే ఆమెను రెండోసారి మోసుకెళ్ళినట్టు ఉంటుందనిపించింది. గునపం భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాను.

మా అమ్మాయి అప్పుడు గుంటూరులో నర్సు ట్రైనింగులో ఉంది. సెలవుకి వచ్చినప్పుడు అడిగాను. “అమ్మ అరుగు పగలగొట్టమంటున్నారమ్మా ఆఫీసరు. ఏం చెయ్యమంటావు?”

“ఎవరాయన? అమ్మ పేరు మీద గునపం వేయిస్తాడా? వద్దు నాన్నా,” అంది.

అంతే, నాకు కావలసిన జవాబు దొరికింది. ఇక్కడ నేను దాచకూడదు. చెట్టు చస్తోందని మా అమ్మాయికి చెప్పలేదు. అరుగు పగలగొట్టమంటున్నారని మాత్రమే చెప్పాను. వద్దు అనేలా అడిగాను, వద్దు అంది. ఆ మాటను అడ్డం పెట్టుకుని ఆ వానాకాలం గడిపాను. ఇంకో వానాకాలం కూడా గడిపాను.

రెండో వానల్లో మానుకీ రాతికీ మధ్య తెల్లటి పుట్టగొడుగులు వచ్చాయి. కొడవలి వెనకవైపుతో మాను మీద కొట్టాను. డొల్ల చప్పుడు వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో ఆ చప్పుడు ఎన్నో చెట్ల దగ్గర విన్నాను. విన్నాక ఏం చెయ్యాలో చాలామందికి చెప్పాను కూడా. అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. ఆయా వచ్చి ఒంట్లో బాగాలేదా అన్నయ్యా అంది. బాగానే ఉందమ్మా అన్నాను.

ఆ శ్రమదినాల్లో కానుగ ఎప్పటిలాగే ఆకు రాల్చింది. ఈస్టరు వచ్చింది, వెళ్ళింది. కొత్త ఆకు రాలేదు. జనం మాత్రం కూర్చోవడం మానలేదు. బోడి కొమ్మల నీడ గీతలు గీతలుగా పడుతుంటే ఆ గీతల వెంట జరుగుతూ కూర్చునేవాళ్ళు. ఒక మధ్యాహ్నం గాలి లేకుండానే ఒక కొమ్మ విరిగి ఆగి ఉన్న అంబులెన్సు మీద పడింది. దేవుని దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. సూపరింటెండెంటు గారు నన్ను పిలిచి, “ఎవరి ప్రాణం మీదకీ రాకముందే కొట్టించెయ్యి,” అన్నారు.

వేరేవాళ్ళకి అప్పగించలేదు. మునిసిపాలిటీ నుంచి ఇద్దరు తాళ్ళు పట్టడానికి వచ్చారు. నేను ఎక్కాను. పైనుంచి కిందికి, ఒక్కో కొమ్మకీ తాడు కట్టి, రంపంతో కోసి, వార్డు కిటికీలకి తగలకుండా దింపించాను. నా బతుకులో అంత జాగ్రత్తగా చేసిన పని మరొకటి లేదు. చచ్చాక చూపించిన జాగ్రత్త. రెండు రోజులు పట్టింది.

అరుగు మిగిలింది. నడిపొద్దు ఎండలో, మధ్యలో కోసిన మొద్దుతో, నున్నగా, వెడల్పుగా. పొద్దున పది దాటితే నాపరాళ్ళు పెనంలా కాలేవి. ఒక్కరూ కూర్చోలేదు. జనం వరండా గోడ నీడలోకి చేరితే దారికి అడ్డమని వార్డుబాయిలు లేపేవాళ్ళు. లేచి గేటు దగ్గరికి, అక్కడి నుంచి మందుల కొట్టు చూరు కిందికి పోయేవాళ్ళు. వారం రోజులకి ఎవరో రోగుల బట్టలు ఉతికి అరుగు మీద ఆరేయడం మొదలుపెట్టారు. తొందరగా ఆరతాయి కదా. ఆమె పేరు మీద ఎవరిదో దుప్పటి ఆరుతోంది. కోప్పడటానికి వెళ్ళి, మడతపడిన దుప్పటి అంచు సర్ది వచ్చేశాను.

మరునాడు గునపం వేశాను. ఈసారి ఎవరూ ఆపలేదు, నేను కూడా ఆపలేదు. మేస్త్రీ వచ్చి సాయం పట్టాడు. ఆనాడు చెప్పాను కదా అని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

రాళ్ళు లేపి సిమెంటు పొర పగలగొట్టాక మట్టిలో తెల్లటి దారాల్లా ఏవో కనపడ్డాయి. చేత్తో తవ్వి చూశాను. వేళ్ళు. పాతవి కావు. మట్టిలో కూరుకుపోయిన మాను నుంచి, బెరడు చీల్చుకుని, చెట్టు కొత్తగా వేసుకున్న వేళ్ళు. అన్నీ పైకి వచ్చాయి. సిమెంటు అడుగు దాకా వచ్చి, దారి దొరక్క, దాని అడుగున అంటుకుని చుట్టూ తిరిగి తిరిగి ఎండిపోయాయి. చెట్టు అన్నేళ్ళూ ఊపిరి కోసం వెతుక్కుంది. ఆఫీసరు గారు చెప్పిన రోజున పగలగొట్టి ఉంటే ఆ వేళ్ళు పచ్చిగా ఉండేవి. మేస్త్రీ వాటిని చూసి తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని అవతలికి వెళ్ళాడు.

కబురు తెలిసి మా అమ్మాయి ఆదివారం వచ్చింది. అప్పటికి తను నర్సు. తవ్విన గుంట దగ్గర నిలబడి, నేను చెప్పిందంతా విని అడిగింది. “చెట్టు చస్తోందని ఆనాడు నాకెందుకు చెప్పలేదు నాన్నా?”

చెబితే పగలగొట్టమంటావని భయపడ్డాను అన్నాను.

“అమ్మైతే ఆ క్షణమే పగలగొట్టించేది,” అంది. కోపంగా అనలేదు. రోగికి జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది. రాయిని నేను ఆసుపత్రి గోడకి పెట్టిస్తానంటే వద్దంది. ఇద్దరం మోసుకెళ్ళి ఇంట్లో పెరటి గోడ వారగా పెట్టాం.

ఇప్పుడు ఆ చోట రేకుల షెడ్డు వేశారు. ఎండాకాలం అది సెగలు కక్కుతుంది. నేను ఉద్యోగం దిగిపోయాను. అటు వెళ్ళినప్పుడు షెడ్డు కింద కొంగులతో విసురుకునే ఆడవాళ్ళని చూస్తాను. వాళ్ళలో ఎవరికీ ఇక్కడ ఒకప్పుడు కానుగ ఉండేదని తెలియదు. ఆమెను ప్రేమించాననే చేశాను. దేవుడు క్షమించాడని వాక్యాన్ని బట్టి నమ్ముతున్నాను. నమ్మకం ఉన్నా, ఆ ఎండలో విసురుకునే చేతులని చూసినప్పుడు మాత్రం నా కాళ్ళు ముందుకు పడవు.

ఇది చదువుతున్న అమ్మా, అయ్యా, మీరు ఏ గుడికి వెళ్ళేవారైనా సరే, పుస్తకం మూసే ముందు ఒక్క నిమిషం నాతో పాటు తల వంచండి. ఆసుపత్రుల ముందు ఎండలో కూర్చున్నవాళ్ళకి నీడ ఇవ్వమని అడగండి. చెయ్యాల్సిన పని తెలిసి కూడా చెయ్యి లేవని వాళ్ళ చేతికి బలం ఇవ్వమని అడగండి. ఒక చెట్టునీ, ఒక కూతురి నమ్మకాన్నీ పూడ్చిపెట్టిన ఈ ముసలి మాలీని కూడా ఆ ప్రార్థనలో ఒక మాట తలచుకోండి. నేను మోకరించే ఉన్నాను. మీరు మొదలుపెట్టండి.